మెమరీ చిప్‌కూ ఉంది మిగులు నారు!

రైతు నారు పోసేటప్పుడు అవసరానికి మించి కొంత ఎక్కువే పోస్తాడు. మొక్క చచ్చినచోట మళ్లీ నాటుకోవడానికి అది పనికొస్తుంది. సెల్‌ఫోన్లు, కంప్యూటర్లలో వాడే మెమరీ చిప్‌ల తయారీలోనూ ఇదే ముందుచూపు ఉండటం విశేషం.

మెమరీ చిప్ వేలిగోరంత సిలికాన్ ముక్క. అందులో చదరంగం బల్ల మాదిరిగా అడ్డు వరుసలు, నిలువు వరుసలు ఉంటాయి. అవి కలిసేచోట ఒక్కో గది. గదిలో విద్యుదావేశం ఉంటే 1, లేకుంటే 0. ఒకే ట్రాన్సిస్టర్‌తో పనిచేసే ఈ గదికి అమెరికాలోని ఐబీఎం ఇంజనీరు రాబర్ట్ డెన్నార్డ్ 1968లో పేటెంటు పొందారు.

ఎనిమిది గిగాబిట్ల చిప్‌లో దాదాపు 859 కోట్ల గదులుంటాయి. తయారీలో కంటికి కనిపించని దుమ్ము రేణువు పడినా నిలువు వరుస తీగ తెగిపోవచ్చు, లేదా పక్క తీగకు అతుక్కోవచ్చు. దాంతో ఆ తీగమీది గదులు పనికిరాకుండా పోతాయి. ఒక్క వరుస చెడిందని చిప్ మొత్తాన్ని పారేస్తే చేతికి దక్కేవి కొన్నే. ఆ నష్టమంతా చివరకు కొనేవారి నెత్తినే పడుతుంది.

అందుకే ప్రతి చిప్‌లో కొన్ని వరుసలు అదనంగా పెడతారు. పరీక్ష యంత్రం చెడిన వరుసను పట్టుకోగానే, చిప్‌లోని సన్నని ఫ్యూజులను లేజర్‌తో గానీ విద్యుత్తుతో గానీ కాల్చి దాని నంబరును శాశ్వతంగా నమోదు చేస్తారు. ఇక ఆ నంబరు అడిగినప్పుడల్లా చిప్ అదనపు వరుసను అందిస్తుంది. పాత ఇంటి నంబరుతో వచ్చిన ఉత్తరాన్ని పోస్టుమాన్ కొత్త ఇంట్లో ఇచ్చినట్లన్న మాట. ఈ మార్పు ఫోన్‌కు గానీ, వాడేవారికి గానీ తెలియదు.

అమెరికాలోని బెల్ లేబొరేటరీస్ పరిశోధకులు 65,536 గదుల చిప్‌ను లేజర్‌తో ఇలా బాగుచేసే విధానాన్ని 1979లో ప్రకటించారు.

అయితే ఈ మరమ్మతుకూ హద్దుంది. చెడిన వరుసలు అదనపు వరుసలకు మించితే ఆ చిప్‌తో పూర్తి పని జరగదు. పోనీ అదనపువే ఎక్కువ పెడదామంటే చిప్ పెద్దదవుతుంది. ఒక సిలికాన్ పలకకు వచ్చే చిప్‌ల సంఖ్య తగ్గుతుంది. ఎన్ని పెట్టాలన్నది తయారీదారులు లెక్క చూసుకునే నిర్ణయిస్తారు. బాగుచేసిన చిప్‌ను మళ్లీ పరీక్షించి, నెగ్గితేనే బజారుకు పంపుతారు.