పొరుగింటి నిద్ర, మన సైలెన్సరు

షబె బరాత్ వచ్చిందంటే హైదరాబాదు ట్రాఫిక్ పోలీసులు ఒక ప్రకటన విడుదల చేస్తారు. ఆ రాత్రి నగరంలోని ఫ్లైఓవర్లు మూసివేయబడతాయన్నది దాని సారాంశం. కొన్నేళ్ళుగా ఇది ఆనవాయితీగా మారింది. ప్రార్థనల కోసం మేలుకునే రాత్రి వంతెనలను ఎందుకు మూయవలసి వస్తున్నదో మనలో ఎవరికీ వివరించనక్కరలేదు. మస్జిదు నుండి, ఖబరస్తాను నుండి బయటకు వచ్చిన యువకులలో కొందరు మోటారు సైకిళ్ళపై గుంపులుగా చేరి, సైలెన్సర్లు మార్చిన బండ్లను మోగిస్తూ తెల్లవారే దాకా వీధులు చుట్టి వస్తారు. ఆ రాత్రి ప్రత్యేకతను గురించి ఉలమాలలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఆ చర్చ ఇక్కడ మన విషయం కాదు. ఏ అభిప్రాయాన్ని అనుసరించినా, ఊయలలోని పసికందును ఉలిక్కిపడేలా చేయటం ఆరాధనలో భాగమని ఎవరూ చెప్పలేదు.

ఈ జాడ్యం ఒక్క రాత్రిదీ కాదు, ఒక్క సమాజానిదీ కాదు. విజయవాడలో, కర్నూలులో, నిజామాబాదులో ఏ వీధిలో నిలబడినా అన్ని వర్గాల కుర్రవాళ్ళూ ఇలాంటి బండ్ల మీద కనిపిస్తారు, కనిపించక ముందే వినిపిస్తారు. అయితే ఈ పత్రిక మన ఇళ్ళలో చదివే పత్రిక. కనుక మన పిల్లల గురించే మాట్లాడుకుందాం.

ముందుగా ఆ చప్పుడు ఎలా పుడుతుందో తెలుసుకోవటం మంచిది. ఇంజనులో పెట్రోలు మండిన తర్వాత, వాల్వు తెరుచుకోగానే వేడి వాయువులు ఒక్క ఉదుటున బయటకు దూసుకువస్తాయి. నిమిషానికి 4,000 చుట్లు తిరిగే ఒక సిలిండరు ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ఇలాంటి పేలుడు నిమిషానికి 2,000 సార్లు జరుగుతుంది. వీటి ధాటిని అణచటానికే సైలెన్సరు ఉన్నది. దాని లోపల చిన్న చిన్న గదులు, అడ్డుగోడలు, చిల్లులున్న గొట్టాలు ఉంటాయి. ధ్వని తరంగాలు వాటిలో అటూ ఇటూ తగిలి, ఒకదానినొకటి కొట్టివేసుకొని, బలం తగ్గి బయటకు వస్తాయి. మెకానిక్కు ఆ అడ్డుగోడలను తొలగించినా, ‘పంజాబ్’ అనో ‘ఇండోరి’ అనో పిలిచే ఖాళీ గొట్టాన్ని బిగించినా ఇంజనులోని పేలుడు దాదాపు ఉన్నదున్నట్లుగా వీధిలోకి వస్తుంది. పొగలోని విషవాయువులను తగ్గించే భాగం కూడా తరచుగా పాత గొట్టంతో పాటే పోతుంది. గొట్టం మారిస్తే బండి వేగం పెరుగుతుందని పిల్లలు చెబుతారు. చిన్న ఇంజను బండికి ఒక్క గొట్టం మార్చినంత మాత్రాన చెప్పుకోదగిన వేగమేమీ రాదు. పెరిగేది చప్పుడు మాత్రమే. నిజానికి వారికి కావలసిందీ అదే.

పాత కార్బురేటరు బండ్ల మీద మరొక విన్యాసం చేస్తారు. నడుస్తున్న బండి తాళాన్ని ఆపి వెంటనే తిప్పితే, మండకుండా సైలెన్సరులోకి చేరిన పెట్రోలు అక్కడ అంటుకొని తుపాకీ పేలినట్లు మోగుతుంది. గుండె జబ్బుతో మంచం పట్టిన వ్యక్తి కిటికీ పక్కన ఆ మోత వింటే ఏమవుతుందో ఆ పిల్లవాడు ఆలోచించి ఉండడు. అతనికి వినోదం అరక్షణం. మంచం మీది మనిషికి మళ్ళీ నిద్ర పట్టేసరికి ఫజ్ర్ అజాన్ వినిపిస్తుంది.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 2000 సంవత్సరంలో కేంద్ర ప్రభుత్వం జారీ చేసిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు 45 డెసిబెళ్ళు మించరాదు. ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల పరిధిలో నిశ్శబ్ద మండలాలుగా ప్రకటించిన చోట రాత్రి పరిమితి 40. డెసిబెళ్ళ లెక్క మామూలు కూడిక కాదన్నది గుర్తుంచుకోవాలి. 10 డెసిబెళ్ళు పెరిగితే ధ్వని శక్తి 10 రెట్లవుతుంది, చెవికి ఇంచుమించు రెండింతలుగా వినిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఐరోపా దేశాలకు చేసిన సిఫారసులలో కూడా రాత్రివేళ రోడ్డు రవాణా చప్పుడుకు 45 డెసిబెళ్ళనే హద్దుగా పేర్కొన్నది. అంతకు మించితే నిద్ర దెబ్బతింటుందన్నదే దానికి ఆధారం.

ఇక మోటారు వాహనాల చట్టం. 2019 సవరణ తర్వాత దాని 190వ సెక్షన్ కింద, శబ్ద ప్రమాణాలను ఉల్లంఘించి బండి నడిపిన వ్యక్తికి మొదటి తప్పుకే 3 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. లైసెన్సుపై 3 నెలల అనర్హత వేటు కూడా ఉన్నది. మైనరు చేతికి బండి ఇస్తే తండ్రి లేదా బండి యజమాని శిక్షార్హుడవుతాడు. పోలీసులు ఊడబెరికిన సైలెన్సర్లను రోడ్డు మీద పరచి రోడ్డు రోలరుతో తొక్కించిన దృశ్యాలు మనం వార్తలలో చూస్తూనే ఉన్నాం. అయినా ఒక విశ్వాసి రోడ్డు రోలరుకు భయపడి దారికి రావలసి వస్తే అది మనకు గౌరవమేమీ కాదు.

దివ్యఖుర్ఆన్ నిసా సూరాలో (4:36) అల్లాహ్ ఆరాధనను, తల్లిదండ్రుల పట్ల సద్వర్తనను ఆదేశించిన ఆయతులోనే పొరుగువారి ప్రస్తావన వస్తుంది. బంధువైన పొరుగువాడు, పరాయివాడైన పొరుగువాడు, పక్కనున్న సహచరుడు అని మూడు రకాలుగా వస్తుంది. పక్కనున్న సహచరుడంటే కొద్దిసేపు మనతో కలిసి ఉండేవాడు కూడా అని వ్యాఖ్యాతలు వివరించారు. ప్రయాణంలో తోడైనవాడు, అంగడిలో పక్కన నిలబడినవాడు ఆ కోవలోకి వస్తారు. ఆ లెక్కన సిగ్నలు దగ్గర మన బండి పక్కన స్కూటరు ఆపుకొని, ఒళ్ళో బిడ్డతో కూర్చున్న తల్లి కూడా ఆ కొద్ది నిమిషాలు మన పొరుగే.

పొరుగువాడు ముస్లిమై ఉండాలన్న షరతు ఎక్కడా లేదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట మేకను కోసినప్పుడు, మన యూద పొరుగువారికి పంపారా అని ఆయన ఇంటివారిని పదే పదే అడిగిన వైనం తిర్మిజీ, అబూ దావూద్ గ్రంథాలలో ఉన్నది. మన ఊళ్ళలో వీధికి ఆ వైపున రామాలయం, ఈ వైపున మస్జిదు ఉండటం సర్వసాధారణం. ఆ వైపు ఇంటి ముసలాయన ఇస్లాం గురించి ఒక్క పుస్తకమైనా చదివి ఉండకపోవచ్చు. రాత్రి పన్నెండు గంటలకు తెల్లటి టోపీ పెట్టుకొని చెవులు చిల్లులు పడేలా బండి నడుపుకుంటూ పోయే కుర్రవాడే ఆయన చదివే పుస్తకం.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) జీవితంలో నిద్రపోయేవారి పట్ల ఎంతటి శ్రద్ధ ఉండేదో చూడండి. హజ్రత్ మిఖ్దాద్ (రజి) కొంతకాలం ఆయన ఇంట ఆశ్రయం పొందారు. దైవప్రవక్త (స) రాత్రివేళ ఇంటికి వచ్చినప్పుడు, నిద్రపోయేవారు మేల్కొనకుండా, మేలుకొని ఉన్నవారికి మాత్రం వినిపించేంత స్వరంతో సలాం చేసేవారని ఆయన చెప్పినట్లు సహీ ముస్లింలో ఉన్నది. సలాం చేయటం పుణ్యకార్యం. ఆ పుణ్యకార్యానికి సైతం పక్కవాడి నిద్రను బట్టి ఒక హద్దు ఏర్పడింది.

ఇంకొక సంఘటన దీనికన్నా ఆలోచింపజేస్తుంది. దైవప్రవక్త (స) మస్జిదులో ఏతికాఫ్‌లో ఉన్నప్పుడు కొందరు బిగ్గరగా ఖుర్ఆన్ పఠిస్తున్నారు. ఆయన తెర తొలగించి, మీలో ప్రతి ఒక్కరూ తన ప్రభువుతోనే మాట్లాడుకుంటున్నారు కనుక ఒకరినొకరు బాధించుకోవద్దని, పఠనంలో ఒకరిపై ఒకరు గొంతు హెచ్చించవద్దని హితవు చెప్పారు. ఈ హదీసు అబూ దావూద్‌లో ఉన్నది. దైవవాక్కును చదివే గొంతు కూడా పక్కవాడికి బాధగా మారవచ్చునని ఆయన చెబుతుంటే, ఖాళీ గొట్టం మోత ఏ కోవలోకి వస్తుంది?

వాహనాలకు సంబంధించిన ఉదాహరణ కూడా సీరత్‌లో దొరుకుతుంది. హజ్ సందర్భంలో అరఫాత్ నుండి తిరిగి వస్తుండగా దైవప్రవక్త (స)కు వెనుక నుండి పెద్దగా అదిలింపులు, ఒంటెలను కొడుతున్న చప్పుడు వినిపించాయి. ఆయన తన కొరడాతో వారికి సైగ చేసి, ప్రశాంతంగా నడవమని, తొందరపాటులో పుణ్యం లేదని చెప్పారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీ బుఖారీలో ఉన్నది. అది హజ్ యాత్ర, అందరూ ఒకే ఆరాధనలో ఉన్నవారు. అయినా సవారీ చప్పుడు ఆయనకు నచ్చలేదు.

నూర్ సూరా (24:27) పరుల ఇంట అడుగు పెట్టే ముందు అనుమతి అడగాలని, సలాం చేయాలని మనకు నేర్పింది. మన పిల్లలు ఈ మర్యాదను చక్కగానే పాటిస్తారు, గడప దగ్గర నిలబడి పిలుస్తారు. కాని వారి బండి చప్పుడు అనుమతి అడగదు. ఒక్క చుట్టులో అది వంద ఇళ్ళ పడక గదులలోకి వెళ్ళి వస్తుంది.

మమ్మల్ని అన్నింటికంటే కలవరపెట్టే విషయం ఇక్కడే ఉన్నది. దైవదాసుల హక్కులు, అంటే హుఖూఖుల్ ఇబాద్ విషయంలో పశ్చాత్తాపం ఒక్కటే సరిపోదు, ఎవరి హక్కు కాజేశామో వారి దగ్గరకు వెళ్ళి క్షమాపణ పొందాలి. అప్పు ఎగవేసినవాడికి ఋణదాత ఇల్లు తెలుసు. తిట్టినవాడికి తాను ఎవరిని తిట్టాడో తెలుసు. అర్ధరాత్రి బండి మోగించుకుంటూ పోయినవాడికి తాను ఎవరెవరి నిద్ర చెడగొట్టాడో ఏనాటికీ తెలియదు. నైట్ డ్యూటీ చేసి పగలు పడుకున్న నర్సు కావచ్చు, తెల్లవారితే పరీక్ష రాయవలసిన విద్యార్థి కావచ్చు, రెండు గంటలు జోకొడితే గాని కన్ను మూయని బిడ్డ తల్లి కావచ్చు. ఇరవై ఏళ్ళ తర్వాత అతనికి బుద్ధి వచ్చినా ఏ తలుపు తట్టాలి? నమాజులు, ఉపవాసాలు, జకాతు వెంట తెచ్చుకొని కూడా, పరులకు చేసిన అన్యాయాల కింద అవన్నీ పంచిపెట్టి ప్రళయదినాన దివాలా తీసే మనిషిని గురించి దైవప్రవక్త (స) వివరించిన హదీసు మనం ఎన్నో జుమా ప్రసంగాలలో విన్నదే. తన లెక్క తెలియని ఋణగ్రస్తుడి పరిస్థితి అంతకన్నా దయనీయం.

పిల్లలనే నిందించి ఊరుకోవటం న్యాయం కాదు. పద్దెనిమిదేళ్ళ కుర్రవాడి చేతికి ఆ గొట్టం కొనే డబ్బు ఎక్కడి నుండి వచ్చింది? చాలా ఇళ్ళలో అబ్బాజాన్ జేబు నుండో, అమ్మీ దాచిన డబ్బుల నుండో, గల్ఫ్‌లో ఉన్న అన్న పంపినదాని నుండో వస్తుంది. కొడుకు బండి వీధి మొదట్లో ఉండగానే గుర్తుపట్టి, మా వాడు వస్తున్నాడని మురిసిపోయే తల్లులు ఉన్నారు. వీధి మొదట్లోనే గుర్తుపట్టారంటే మధ్యలో ఉన్న ఇళ్ళన్నీ కూడా విన్నాయన్నమాట.

ఇరుగుపొరుగు ఫిర్యాదు చేయటం లేదు కదా అని సరిపెట్టుకోవటం తగదు. మిశ్రమ జనావాసాలలో చాలామంది గొడవెందుకని నోరు మూసుకుంటారు. ఆ మౌనాన్ని అంగీకారంగా తీసుకోకుండా, తండ్రి తానే ఒకసారి పక్కింటి తలుపు తట్టి, మా వాడి బండి వల్ల మీకు ఇబ్బందిగా ఉందా అని అడగాలి. ఈద్ నాడు షీర్ ఖుర్మా పంపేటప్పుడు అడిగినా సరే. మొహమాటపడకుండా జవాబు చెప్పేవారు దొరికితే అదృష్టంగా భావించాలి.

సైలెన్సరు మార్చని బండి కూడా వేళకాని వేళ ఇబ్బంది పెట్టగలదు. సహరి వేళ, ఫజ్ర్ వేళ ఇరుకు గల్లీలో బండి తీసేవారు సందు చివరి దాకా నెట్టుకొని వెళ్ళి స్టార్ట్ చేయవచ్చు. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లను స్టార్ట్ చేసి నిమిషాల తరబడి ఎక్సలేటరు తిప్పి వేడి చేయనక్కరలేదు. రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరేవారు గేటు ముందు హారన్ కొట్టే బదులు ఇంట్లోవారికి ఫోను చేయవచ్చు. మస్జిదు కమిటీలు తరావీహ్ రోజులలో పార్కింగు దగ్గర ఇద్దరు పెద్దమనుషులను నిలబెడితే, గుంపుగా బండ్లు మోగించుకుంటూ బయటపడే అలవాటు సగానికి సగం తగ్గుతుంది. ఇమాము మాట వినని కుర్రవాళ్ళు కూడా తమను పేరుపెట్టి పిలవగల మామూ ఎదురుగా నిలబడితే తలవంచుకొని నెమ్మదిగా వెళతారు.

కంపెనీ ఇచ్చిన అసలు సైలెన్సరును ఎవరూ పారవేయరు. బండి అమ్మే రోజున కావాలని గోనెసంచిలో చుట్టి అటక మీద పెడతారు. దానిని తిరిగి బిగించటం మెకానిక్కుకు పెద్ద పనేమీ కాదు. రంజాన్‌కు ముందు మన ఇళ్ళలో బూజు దులిపి, అటకలు సర్దుకునే రోజులు ఎలాగూ వస్తాయి. ఆ రోజు నిచ్చెన ఎక్కినవారు ఆ గోనెసంచిని కిందికి దించితే చాలు.