విదేశంలో వృత్తి, స్వదేశంలో పన్ను: రోజుల లెక్కే కీలకం

గల్ఫ్ దేశాల్లో కంపెనీ కొలువు చేసే వ్యక్తికి నియామక పత్రం, నెలవారీ జీతపు రసీదు ఉంటాయి. అక్కడే స్వతంత్రంగా డిజైనింగ్, అనువాదం, సాఫ్ట్‌వేర్ పనులు చేసుకునే ఫ్రీలాన్సరుకు అవేవీ ఉండవు. భారత ఆదాయపు పన్ను శాఖ ప్రశ్నిస్తే తన స్థితిని తానే రుజువు చేసుకోవాలి.

భారత్‌లో పన్నుకు ప్రాతిపదిక పౌరసత్వం కాదు, నివాసం. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు దేశంలో ఉన్నవారు నివాసులు. 60 రోజులే ఉన్నా, అంతకుముందు నాలుగేళ్లలో మొత్తం 365 రోజులు గడిపి ఉంటే వారూ నివాసులే. సాధారణంగా నివాసి ప్రపంచంలో ఎక్కడ ఆర్జించినా ఇక్కడ పన్నుకు లోబడాలి. ప్రవాసికి భారత్‌లో లభించిన ఆదాయంపైనే పన్ను ఉంటుంది. 2025లో రూపొందిన కొత్త ఆదాయపు పన్ను చట్టమూ ఈ లెక్కనే కొనసాగించింది.

ఉద్యోగ నిమిత్తం విదేశాలకు వెళ్లే భారత పౌరులకు మాత్రం 60 రోజుల నిబంధన వర్తించదు. 182 రోజుల గడువే వర్తిస్తుంది. ఫ్రీలాన్సరుకు చిక్కు వచ్చేది ఇక్కడే. హైదరాబాదులో స్థిరపడిన డిజైనర్ జూలై 31న దుబాయి వెళ్లాడనుకుందాం. అప్పటికి ఆ సంవత్సరంలో అతడు దేశంలో గడిపినవి 122 రోజులు. స్వతంత్ర వృత్తి ఉద్యోగం కిందికి వస్తే అతడు ప్రవాసి, రాకుంటే నివాసి. మిగిలిన 8 నెలల దిర్హాముల సంపాదన భవితవ్యం ఆ ఒక్క పదంపైనే ఆధారపడుతుంది. స్వయం ఉపాధి, వ్యాపారం, వృత్తి కూడా ఉద్యోగమే అవుతాయని 2011లో కేరళ హైకోర్టు తీర్పు చెప్పింది. పర్యటనకో, చదువుకో వెళ్లడం దీనికిందికి రాదు.

2020లో నిబంధనలు మరింత బిగిశాయి. భారత్‌లో అద్దెలు, వడ్డీల వంటి ఆదాయం రూ.15 లక్షలు మించినవారు స్వదేశానికి చుట్టపుచూపుగా వచ్చినా 120 రోజుల లెక్క చూసుకోవాలి. అంతటి ఆదాయం ఉండి మరే దేశంలోనూ పన్ను పరిధిలోకి రాని భారత పౌరుని నివాసిగానే పరిగణిస్తారు. అటువంటివారి విదేశీ సంపాదనకు సాధారణంగా మినహాయింపు ఉన్నా, భారత్‌లో నెలకొల్పిన వృత్తి నుంచి వచ్చే రాబడికి అది వర్తించదు.

యు.ఎ.ఇ.లో జీతంపై పన్ను లేదు. అయితే 2023 జూన్‌లో అమలులోకి వచ్చిన కార్పొరేట్ పన్ను, క్యాలెండర్ సంవత్సరంలో 10 లక్షల దిర్హాములు మించి టర్నోవర్ గల స్వతంత్ర వృత్తిదారులకూ వర్తిస్తుంది. భారతీయ సంస్థ ప్రవాసికి సాంకేతిక సేవల రుసుము చెల్లిస్తే, పని విదేశంలోనే జరిగినా ఇక్కడ పన్ను కోతకు అవకాశం ఉంది. రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం ఉంటే, నివాస ధ్రువపత్రం చూపి ఊరట కోరవచ్చు.

అందువల్ల రాకపోకల తేదీలు, వీసా, ఒప్పందాలు, బ్యాంకు పత్రాలు భద్రపరచుకోవడం అవసరం. మార్చి 31 దాటిన తర్వాత రోజులను సరిదిద్దుకునే వీలుండదు.