పాతకారుకు పెద్ద బ్రేకులు

చంద్రగిరి కోట దాటి పడమరగా పీలేరు వైపు పోవు రహదారి మొదట చదునుగనే యుండును. కొంతదూరము పోయిన పిమ్మట కొండలు దగ్గరకు జరుగును. రహదారి భాకరాపేట కనుమలో ప్రవేశించును. చంద్రగిరికి మరియొక ప్రక్క, కొలది దూరములోనే, తిరుమల ఘాట్ రోడ్లు రెండు కలవు. 1944లో తెరచిన మొదటి రోడ్డునందు 36 హెయిర్‌పిన్ మలుపులున్నవి. దానిని నేడు దిగుటకు, 1974లో ఏర్పడిన రెండవ రోడ్డును ఎక్కుటకు వాడుచున్నారు. ఇట్టి కనుమల నడుమ నివసించువారికి బండిని నడపుట కంటె నిలుపుటయే పెద్దవిద్య. 2022 మార్చి నెలలో భాకరాపేట కనుమలో ఒక బస్సు లోయలో పడి పెక్కుమంది మరణించిన సంగతిని ఈ ప్రాంతమువారు మరచియుండరు.

ఇటీవల యువకులలో పాతకార్లపై మక్కువ హెచ్చినది. 1998 నుండి చెన్నై సమీపమున తిరువళ్ళూరులో తయారైన మిత్సుబిషి లాన్సర్, 2004లో మన దేశమునకు వచ్చిన స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ వంటివి నాలుగు తలుపుల కుటుంబపు కార్లే యైనను పరుగునకు పేరు వడసినవి. వాని యజమానులు ముందుగా ఇంజను బలమును పెంచుదురు. అటుపిమ్మట, పెరిగిన వేగమును అదుపులో నుంచుటకు, బజారులో ‘బిగ్ బ్రేక్ కిట్’ అను పేర దొరకు సామగ్రిని కొని బిగింపజేయుదురు. ఇందువలన నిజముగా కలుగు లాభమేమి? నష్టమేమైన కలదా? శ్రోతలకు ఈ విషయమును కొంచెము లోతుగా వివరింపదలచినాము.

బ్రేకు వేగమును ‘చంపును’ అని వాడుకలో అనుచుందుము. శాస్త్రము ననుసరించి శక్తి చావదు, రూపము మార్చుకొనును. పరుగెత్తు కారునందలి శక్తి బ్రేకు డిస్కుకును ప్యాడుకును నడుమ రాపిడిచే వేడిగా మారును. ఆ వేడిని డిస్కు కొంతసేపు తనలో దాచుకొని మెల్లమెల్లగా గాలికి అప్పగించును. కనుక బ్రేకును రాపిడి యంత్రమనుట కంటె వేడిని మోయు పాత్ర యనుట మేలు. పాత్ర చిన్నదైనచో త్వరగా నిండును. పాతకాలపు డ్రమ్ము బ్రేకులలో వేడి లోపలనే చిక్కుకొనెడిది. డిస్కు బ్రేకునకు ఇంగ్లండులో లాంచెస్టర్ అను ఇంజనీరు 1902లోనే పేటెంటు పొందినను, దాని సత్తా లోకమునకు తెలిసినది 1953లో ఫ్రాన్సు దేశపు లె మాన్ పందెములో జాగ్వార్ కారు గెలిచినపుడే.

ఇప్పుడొక చిన్న లెక్క. తిరుమల తిరుపతి కంటె సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. మనుష్యులతో, సామానుతో కలసి 1,500 కిలోల బరువు గల కారు అంత ఎత్తు దిగునపుడు ఒక కోటి జౌళ్ళకు పైగా శక్తి వెలువడును. 30 డిగ్రీల నీటిని 35 లీటర్లు మరిగించుటకు ఆ వేడి చాలును. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోవు అదే కారును ఒక్కమారు పూర్తిగా నిలిపినచో పుట్టు వేడికి ఇది సుమారు 18 రెట్లు. గాలి, టైర్ల రాపిడి, ఇంజను కలసి ఇందు సగము భరించినవనుకొందము. మిగిలిన సగములో పదింట ఏడు వంతులు ముందు డిస్కులకు చేరును. ఒక్కొక్క డిస్కు 5 కిలోల బరువైనచో, గాలి వానిని ఏమాత్రము చల్లార్చకున్నచో, వాని వేడి దాదాపు 750 డిగ్రీలు పెరుగును. 8 కిలోల డిస్కులైనచో 470 డిగ్రీలతో సరి. నిజమునకు గాలి చాలభాగము వేడిని తీసికొనిపోవును గనుక డిస్కులు అంతగా కాలవు. దిగుటకు కనీసము 40 నిమిషములు పట్టవలెనని దేవస్థానమువారు నిర్ణయించుటలో గల మేలును ఇచట గ్రహింపవచ్చును. నిదానము వలన గాలికి తన పని తాను చేసికొను వ్యవధి దొరకును. ఏమైనను, పెద్ద డిస్కు వలన కలుగు అసలైన లాభము ఇదియే: అది ఎక్కువ వేడిని మోయగలదు, ఎక్కువ వైశాల్యముతో గాలికి ఎదురుగా నిలువగలదు.

పెద్ద బ్రేకులు బిగించిన కారు తక్కువ దూరములో ఆగునని అనేకులు నమ్ముచున్నారు. ఈ నమ్మకములో పాలు కంటె నీళ్ళే యెక్కువ. కారును ఆపునది చిట్టచివరకు టైరుకును రోడ్డుకును గల పట్టు. మంచి తారురోడ్డుపై, మంచి టైర్లతో, 100 కిలోమీటర్ల వేగము నుండి ఆగుటకు సుమారు 50 మీటర్లు కావలెను. ఉన్న బ్రేకులే చక్రమును బిగబట్టగలిగినచో వానికి మించిన బ్రేకులు ఆ 50 మీటర్లను 40 చేయజాలవు. మొదటిమారు ఆపునపుడు రెంటికిని భేదము కానరాదు. పదవమారు, పదునైదవమారు ఆపునపుడు కానవచ్చును. చిన్న డిస్కులు అప్పటికి కాగిపోయి, ప్యాడులలోని జిగురు పదార్థము ఆవిరులను వెలిగ్రక్కి పట్టు తగ్గును. దీనినే డ్రైవర్లు ‘బ్రేకు ఫేడ్’ అందురు. తిరుపతి వీధులలో తిరుగు కారుకు ఆ పదునైదవమారు ఎన్నడును రాదు. కనుమ దిగు కారుకు తప్పక వచ్చును.

ఫేడ్ కంటె ప్రమాదకరమైనది మరియొకటి కలదు. పెడలు త్రొక్కినపుడు మన కాలి బలమును చక్రముల వద్దకు చేర్చునది గొట్టములలోని బ్రేకు ఆయిలు. ద్రవము నొక్కినను కుదించుకొనిపోదు. అందువలననే బలము అంతటను సమముగా వ్యాపించును. పదునేడవ శతాబ్దములో పాస్కల్ తెలిపిన సూత్రమిది. అయితే ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చు గుణము గలది. ‘డాట్ 4’ రకము ఆయిలు కొత్తగా నున్నపుడు కనీసము 230 డిగ్రీల వరకు మరుగరాదని ప్రమాణము. తేమ చేరిన పిమ్మట అది 155 డిగ్రీలకు దిగవచ్చును. ‘డాట్ 3’ రకమునకు ఈ అంకెలు 205, 140. కాలిపర్ లోని ఆయిలు మరిగినచో బుడగలు పుట్టును. ఆవిరి నొక్కినకొలది కుదించుకొనును గనుక పెడలు నేలకు తాకును. బ్రేకు మాత్రము పడదు. అట్టి సమయమున డిస్కు ఎంత పెద్దదైన నేమి! రెండేండ్లకొకమారు ఆయిలు మార్పించుట కొన్ని వందల రూపాయల పని. లక్షకు చేరువైన కిట్టును కొనువారు ఈ పనిని మరచుట మాకు వింతగా తోచును.

ఇక కిట్టులో నుండు వస్తువులు. వెడల్పైన డిస్కులు రెండు, నాలుగో ఆరో పిస్టన్లు గల కాలిపర్లు రెండు, ఆ కాలిపర్లను కారు నకిల్‌కు అతుకు బ్రాకెట్లు, ఉక్కుతీగ అల్లిన గొట్టములు, ప్యాడులు. ఇందు కంటికి ఇంపైనది కాలిపర్. కారును కాపాడునది బ్రాకెట్టు. ఆపునప్పటి బలమంతయు ఆ చిన్న లోహపుముక్క మీదుగానే పోవును. లేతు మిషనుపై ఎవరో కొలతలు లేకుండ చేసియిచ్చిన బ్రాకెట్టునకు, తెలియని బోల్టులకు, ప్రాణములను అప్పగించుట తగదు. చిల్లులు పొడిచిన డిస్కులు కూడ చూపునకే అందము. మాటిమాటికి కాగి చల్లారుచుండగా ఆ చిల్లుల అంచుల నుండి పగుళ్ళు బయలుదేరును. గీతలు గల డిస్కులు కాని, నునుపైన డిస్కులు కాని కనుమదారికి మేలు. ఎర్రరంగు ప్లాస్టిక్ తొడుగును మామూలు కాలిపర్‌పై అతికి పెద్ద బ్రేకని చూపువారును కలరు. ఆ తొడుగు గాలిని అడ్డగించి ఉన్న బ్రేకును చెరచునే గాని మరి దేనికిని పనికిరాదు.

మెకానిక్కులు సైతము తరచుగా పొరబడు విషయము పాళ్ళ విషయము. కారు ఆగునపుడు బరువు ముందునకు ఒరుగును గనుక తయారీదారులు ముందు చక్రములకు ఎక్కువ, వెనుక చక్రములకు తక్కువ బ్రేకు ఇత్తురు. ముందు 70, వెనుక 30 పాళ్ళనుకొందము. పాత కాలిపర్‌లో 54 మిల్లీమీటర్ల పిస్టన్ ఒక్కటే కలదు; దాని వైశాల్యము 2,290 చదరపు మిల్లీమీటర్లు. కొత్తదానిలో ప్రక్కకు రెండేసి చొప్పున, 38, 42 మిల్లీమీటర్ల పిస్టన్లు నాలుగు కలవు. నాలుగింటిని కూడి ‘బలము రెట్టింపైన’దని సంతోషింపరాదు. పాత కాలిపర్ జరుగునట్టిది. ఒక ప్రక్క పిస్టన్ నొక్కగా, ఎదురుతోపు వలన రెండవ ప్రక్క ప్యాడు కూడ నొక్కుకొనును. కనుక కొత్తదానిలో ఒక ప్రక్క పిస్టన్లనే లెక్కింపవలెను. అవి 2,519, అనగా నూటికి 10 పాళ్ళే యెక్కువ. 256 మిల్లీమీటర్ల డిస్కు బదులు 300 మిల్లీమీటర్ల డిస్కు వేసినపుడు ప్యాడు పట్టు కేంద్రమునకు దూరమై, తిప్పును అడ్డు బలము నూటికి 21 పాళ్ళు పెరుగును. రెండును కలసి ముందు బ్రేకు బలము మూడింట ఒక వంతు హెచ్చును. వెనుక బ్రేకులో మార్పు లేదు. 70, 30 పాళ్ళు 76, 24 అగును. అప్పుడు ముందు చక్రములు త్వరపడి బిగిసి జారును. వెనుక టైర్లకు గల పట్టు వృథాపోవును. కారు పూర్వము కంటె ఎక్కువ దూరము పోయి ఆగుట కూడ సంభవమే. డబ్బు పోసి కీడు కొనుట యన ఇదియే గదా! పిస్టన్ల వైశాల్యము మరీ పెద్దదైనచో పాత మాస్టర్ సిలిండర్ పంపు ఆయిలు చాలక పెడలు లోతునకు పోవును. అందువలన ఆ కారు నమూనాకే లెక్కకట్టి చేసిన కిట్టును, పిస్టన్ల కొలతలను వ్రాతమూలముగా తెలుపు వర్తకుని వద్దనే కొనవలెను.

బిగింపునకు ముందు చక్రపు రిమ్ములో చోటున్నదో లేదో చూడవలెను. పాతకార్లకు వచ్చిన 13, 14 అంగుళముల రిమ్ములలో 300 మిల్లీమీటర్ల డిస్కు, దానిపై కాలిపర్, ఇముడవు. 16 అంగుళముల రిమ్ములు కావలెను; అనగా టైర్లును మారవలెను. డిస్కు వేయుటకు ముందు హబ్బు ముఖమును త్రుప్పు లేకుండ శుభ్రపరచవలెను; వెంట్రుకవాసి త్రుప్పు మిగిలినను డిస్కు వంకరగా తిరిగి పెడలు అదరును. బోల్టులను టార్క్ రెంచితో, చెప్పిన బిగువునకే బిగించవలెను. గొట్టపు కీలు వద్ద రాగి వాషర్లు కొత్తవి వేయవలెను. స్టీరింగును రెండు కొసలకును త్రిప్పి, గొట్టము టైరును కాని షాకును కాని తాకుటలేదని చూచిన పిమ్మటనే ఎయిర్ తీయవలెను. ప్రక్కకు రెండేసి పిస్టన్లున్న కాలిపర్‌లో గాలి తీయు మరలు రెండున్నచో రెంటి నుండియు తీయవలెను. ఆ మర పైవైపున నుండునట్లు కాలిపర్‌ను బిగించితిరా, కుడిది యెడమకు మార్చి బిగించితిరా, అని చూచుకొనుడు. గాలి పైకే పోవును. మర క్రిందనున్నచో ఎన్ని సీసాల ఆయిలు పోసినను బుడగ లోపలనే యుండును.

చట్టము మాట. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారుని నిర్దేశమునకు భిన్నమగునట్లు వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా చెప్పినది. పత్రములో బ్రేకు కొలతలు లేవు గదా యని వాదించువారు కలరు. ప్రమాదము జరిగినపుడు ఆ వాదము భీమా సంస్థ వద్ద ఏమగునో ముందుగానే ఊహించుట మంచిది. రవాణా కార్యాలయమును, భీమా సంస్థను ముందుగా అడిగి, జవాబును వ్రాతలో పుచ్చుకొనవలెను. తిరుమల దారికి పాత వాహనమును తీసికొనిపోవువారు దేవస్థానమువారి నాటి నిబంధనలను కూడ విచారించుకొనవలెను.

మా అభిప్రాయము సూటిగా చెప్పెదము. ఇంజనును మార్పక, ఊరిలోను, ఏడాదికి నాలుగుమారులు కనుమలోను తిరుగు కారుకు కిట్టు అక్కరలేదు. మంచి ప్యాడులు, కొత్త ఆయిలు, మంచి టైర్లు, ఎక్కినపుడు వాడిన గేరులోనే దిగు అలవాటు చాలును. రెండవ గేరులో ఇంజను మోయు భారమును ఏ డిస్కును మోయనక్కరలేదు. ఇంజను బలమును నిజముగా పెంచినవారికి, కనుమదారిలో నిత్యము తిరుగువారికి, పందెములకు పోవువారికి కిట్టు సార్థకమే.

బిగించిన పిమ్మట వెంటనే కొండ దిగరాదు. జనసంచారము లేని చదునైన రోడ్డుపై, 60 కిలోమీటర్ల వేగము నుండి 20కి మెల్లగా తగ్గించుచు, పూర్తిగా ఆగకుండ, కొన్నిమారులు చేసి, నడుమ నడుమ చల్లారనీయవలెను. ప్యాడు పదార్థము డిస్కుపై పలుచగా పూతవలె అంటుకొన్నప్పుడే సరియైన పట్టు వచ్చును. 500 కిలోమీటర్లు తిరిగిన పిదప చక్రములు విప్పి బ్రాకెట్టు బోల్టులను మరల పరీక్షింపవలెను. మొదటిమారు భాకరాపేట కనుమ దిగిన తరువాత కారును ఒక ప్రక్కగా నిలిపి, పెడలు వదలి, చక్రములకు రాళ్ళు అడ్డము పెట్టి, పావుగంట చల్లారనిండు. వాసన వచ్చుచున్నదని, పొగ వచ్చుచున్నదని, దారి ప్రక్క కుళాయి నుండి బిందెతో నీళ్ళు తెచ్చి చక్రములపై పోయువారు మన ప్రాంతమున నేటికిని కనిపింతురు. కాగిన పోత ఇనుమునకు చన్నీళ్ళు తగిలినచో డిస్కు వంకరపోవును, లేదా పగులును.