హెచ్చరిక లేదంటే బోటెక్కమని కాదు

గోదావరికి ఎర్రనీరు దిగిందంటే చాలు, రాజమండ్రిలో ఒక మాట బయల్దేరుతుంది. "ధవళేశ్వరం దగ్గర ఇంకా మొదటి హెచ్చరిక కూడా లేదు, పాపికొండలు చూడాలంటే ఇప్పుడే చూడాలి." హైదరాబాద్ నుంచి చుట్టాలు దిగిన ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఈ మాట అంటారు. దయచేసి ఇకనైనా అనకండి.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. గండిపోచమ్మ గుడి దగ్గర 77 మందితో బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు మందం దగ్గర మునిగిపోయింది. బతికి బయటపడింది 26 మందే. వాళ్లను కూడా ఒడ్డునున్న ఊరివాళ్లు పడవలేసుకుని వెళ్లి లాక్కొచ్చారు కాబట్టి దక్కారు. ఆ రోజు నదిలో ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది నీటిమట్టం 11.75 అడుగులకు చేరాక, అంటే ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు అటూ ఇటూ ఉన్నప్పుడు. అందులో సగం నీటికే అంత ఘోరం జరిగింది.

అసలు ఆ హెచ్చరిక ఎవరి కోసం? లంకల్లో ఉన్నవాళ్లు పశువులు తోలుకుని గట్టెక్కడానికి, డెల్టాలో ఏటిగట్లకు కాపలా పెట్టడానికి. కొండల మధ్య తిరిగే బోటుకూ దానికీ సంబంధం లేదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయలుగా, మూడున్నర కిలోమీటర్ల ఆనకట్ట మీద 175 గేట్ల గుండా పరుచుకుని పోయే నీరే పాపికొండల్లో కొన్ని వందల మీటర్ల ఇరుకులోంచి దూరి రావాలి. వెడల్పు లేనిచోట నీటికి లోతూ వేగమూ పెరుగుతాయి. నది మలుపు తిరిగేచోట ఆ నీరు కొండను కొట్టుకుని వెనక్కి మళ్లి సుడులు తిరుగుతుంది. ఎదురెక్కే బోటు ముక్కు అక్కడ కాస్త పక్కకు తిరిగితే ప్రవాహం దాని పక్కటెముకల మీద పడుతుంది. అప్పుడు ఎంత అనుభవమున్న సరంగు చేతిలోనూ ఏమీ ఉండదు.

"పెద్ద బోటు, రెండంతస్తులు, ఏసీ గది, అందరికీ లైఫ్ జాకెట్లు" అంటారు. మూసిన గదిలోకి నీళ్లొస్తే జాకెట్ మనిషిని పైకప్పుకే తేలుస్తుంది, తలుపు దాకా మునిగి రానివ్వదు. వెలికితీతకు దిగిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న రాయల్ వశిష్ఠను ఒడ్డుకు లాగినప్పుడు లోపల ఇంకా మృతదేహాలున్నాయి. ఇంతకన్నా వివరంగా చెప్పడానికి మనసొప్పదు.

ఈతొస్తే భయం లేదన్నది సుడి చూడనివాళ్ల మాట. పోలవరం ప్రాజెక్టుతో పాపికొండలు మునిగిపోతాయి కాబట్టి ఇప్పుడే చూడాలన్నదీ తప్పే. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, కొండలు అంతకన్నా ఎంతో ఎత్తు. మునిగింది దేవీపట్నం వైపు ఊళ్లు. బాధపడాల్సింది వాటి గురించి.

వరద గోదావరి అందం వేరంటారా, ఒప్పుకోక తప్పదు. నిండుగా ఎర్రగా ఉరకలేసే ఆ నదికి సాటి లేదు. అయితే ఆ అందం చూడటానికి బోటెందుకు? ఆనకట్ట దగ్గరో పుష్కరఘాట్ మెట్ల మీదో నిలబడండి. లేదా కొవ్వూరు వైపు రోడ్డు కం రైలు వంతెన మీద రైల్లో వెళ్లండి. తనివితీరా కనిపిస్తుంది.

పాపికొండలకు కార్తీకం నుంచి మాఘం దాకా వెళ్లండి. నీరు తేటపడుతుంది, పేరంటాలపల్లి దాకా ప్రయాణం హాయిగా సాగుతుంది. వేసవిలో వెళ్తే గాలివానను లెక్కలో పెట్టుకోండి. 2018 మే 15న మంటూరు దగ్గర లాంచీ మునిగింది గాలివానకే. వాన జల్లు కొడుతోందని తలుపులు మూసుకు కూర్చున్నవాళ్లు బయటికి రాలేకపోయారు. కాబట్టి చినుకు పడ్డా సరే, తలుపు మూయనివ్వకండి. ఎక్కగానే జాకెట్ బకిల్ పెట్టుకుని, దిగేదాకా ఉంచుకోండి. ఉక్కపోస్తోందని పిల్లలు విప్పేస్తారు, వాళ్ల మీద ఓ కన్నేయండి. ఫొటోల కోసం అందరూ ఒకే పక్కకు చేరుతుంటే వారించండి. బోటు రేవు దగ్గరి కంట్రోల్ రూమ్‌లో జనం లెక్క రాయకుండా బోటు కదిలితే దిగిపోండి.

వానాకాలంలో వచ్చే చుట్టాలకు ఈ సంగతి టికెట్ కొనకముందే చెప్పండి. బదులుగా చూపించడానికి కడియం నర్సరీలున్నాయి, దిండి ఉంది. పాపికొండలకైతే శీతాకాలంలో మళ్లీ రమ్మనండి.