అశ్వగంధపై పడిన అపవాదు

అశ్వగంధ చూర్ణమును పాలతో సేవించుట మన ఇండ్లలో తరతరాల అలవాటు. అట్టి ఓషధి పేరు 2024లో అమెరికాలోని ఒక ముష్టియుద్ధ వివాదంలో వినవచ్చింది.

ఆ ఏడాది ఏప్రిల్ 20న న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో ర్యాన్ గార్సియా అనే వృత్తి బాక్సరు డెవిన్ హేనీని మూడు పర్యాయములు నేలకూల్చి గెలుపొందాడు. పిమ్మట ఆయన మూత్ర నమూనాలో ఆస్టరిన్ కనుగొనబడింది. కండరములను పెంచుటకై ప్రయోగశాలలో తయారైన రసాయనమిది; ఏ మూలికలోను లభించదు. తాను బుద్ధిపూర్వకంగా ఏ నిషిద్ధ పదార్థమును తీసుకొనలేదని, అశ్వగంధ వంటివే వాడినానని గార్సియా మొదట చెప్పుకొన్నాడు. పోషక పూరకములలో కల్తీ జరిగినదని తదుపరి ఆయన న్యాయవాదులు వాదించారు. రెండవ సీసాలోని నమూనా సైతం మొదటి ఫలితమునే ధ్రువపరచింది. ఏడాది నిషేధము, 10,000 డాలర్ల జరిమానా పడినవి, గెలుపు రద్దయినది.

ప్రపంచ డోపింగు నిరోధక సంస్థ నిషిద్ధ జాబితాలో అశ్వగంధ లేదు. దోషము ఓషధిది కాదు.

వృత్తి బాక్సింగునకు ప్రపంచమంతటికీ ఒకే అధికార సంస్థ లేకపోవుటయే అసలు చిక్కు. గార్సియా నమూనాలను పరీక్షింపజేసిన సంస్థ పేరులోనే ‘స్వచ్ఛంద’ అను మాట ఉన్నది! శిక్ష విధించినది మాత్రం న్యూయార్కు రాష్ట్ర క్రీడా కమిషను. మన దేశంలో పోటీలకు దిగే క్రీడాకారులను జాతీయ డోపింగు నిరోధక సంస్థ పరీక్షిస్తుంది. 2022 నాటి చట్టము దానికి బలమిచ్చింది. శరీరంలో ఏది కనబడినా బాధ్యత క్రీడాకారులదే. ‘ఇంట్లో అమ్మ ఇచ్చినది’ అనుట వలన శిక్ష తగ్గవచ్చునేమో గాని దోషము తొలగదు.

నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022, 2023 సంవత్సరములలో ప్రపంచ విజేతగా నిలిచింది. పొరుగున ఉన్న జగిత్యాల, కోరుట్లలలోను, సిరిసిల్లలోను పిల్లలను ఈ క్రీడకు పంపదలచే తల్లిదండ్రులు తమ మందుల అలమరను ఒకమారు పరికించవలెను.

ముష్టి గింజల సంగతి చూడండి. వాటిని శుద్ధిచేసి అగ్నితుండివటి, విషతిందుకవటి మున్నగు మాత్రలలో చేర్చుదురు. అజీర్ణమునకు, వాతపు నొప్పులకు వైద్యులు వీటిని ఇచ్చుట కద్దు. ఆ గింజలోని స్ట్రిక్నిన్ శుద్ధి వలన తగ్గును గాని పూర్తిగా పోదు. పోటీల వేళ అది నిషిద్ధము. ముష్టియుద్ధము చేయువారికి ముష్టి పనికిరాదన్నమాట! భంగి ఆకు చేరే మదనమోదకము, కామేశ్వరమోదకములకూ ఇదే నియమము వర్తిస్తుంది.

ఇంట దంచుకొన్న త్రిఫల చూర్ణమునకు, శొంఠి మిరియాల కషాయమునకు జంకనక్కరలేదు. భయమంతా పేరూ ఊరూ లేని ‘బలవర్ధక’ పొడుల తోనే. కొన్న ప్రతి మందుకూ రశీదు, చీటీ భద్రపరచండి. డబ్బాలో కొంత మిగిల్చి ఉంచండి, అవసరమైతే దానినీ పరీక్షింపవచ్చును. నిషిద్ధ ఔషధము తప్పనిసరియైన వ్యాధి ఉన్నచో, వైద్యుని పత్రములతో చికిత్సార్థ మినహాయింపునకు పోటీకి ముందుగానే దరఖాస్తు చేసుకొనవలెను.