నీటిబొట్టులో పువ్వు బొమ్మ

తామరాకు, చేమాకు మీద పడిన నీరు పరుచుకోదు, గుండ్రంగా నిలుస్తుంది. ఆకు నిండా ఉండే అతి సూక్ష్మమైన బుడిపెలు, వాటి మీది మైనపు పొర నీటిని అంటనివ్వవు. జర్మన్ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ బార్త్‌లాట్ 1997లో ఈ గుణాన్ని వివరంగా ప్రచురించారు. మాక్రో ఫొటోగ్రఫీకి ఇంత చక్కని వస్తువు అరుదు.

వరినారు కొసన తెల్లవారుజామున మెరిసే బొట్టు చాలాసార్లు మంచు కాదు. వేళ్లు పీల్చిన నీరే ఆకు కొస నుంచి బయటికొస్తుంది. గాలి లేని ఆ వేళే ఫొటోకు అనువు.

బొట్టు కుంభాకార కటకంలా పనిచేస్తుంది. దాని వెనక కాస్త దూరంలో మందారం ఉంటే, రేకులు, కేసరాలతో సహా పువ్వంతా బొట్టులో చిన్నదిగా, తలకిందులుగా కనిపిస్తుంది. ఫోకస్ చేయాల్సింది బొట్టు అంచు మీద కాదు, లోపలి బొమ్మ మీద. అసలు కష్టమంతా ఇక్కడే. వస్తువును దాని అసలు పరిమాణంలోనే సెన్సర్ మీదికి తెచ్చే 1:1 లెన్స్‌తో, ఎపర్చర్‌ను ఎఫ్/11 దాకా చిన్నది చేసినా స్పష్టత దాదాపు ఒక మిల్లీమీటరు లోతుకే దక్కుతుంది. అందుకే ట్రైపాడ్ తప్పనిసరి. ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన ఫొటోలను కంప్యూటర్‌లో కలపడమూ మామూలే.

గ్లిజరిన్ కలిపిన నీరు చల్లితే బొట్టు త్వరగా ఆరదు. అలా తీసిన ఫొటో కింద ఆ సంగతి రాయడం మర్యాద.