పాత ఇంటి సెప్టిక్ ట్యాంకు - గృహస్థుని బాధ్యత

భూగర్భ మురుగు కాలువలు చేరని మన పట్టణాలలోను, గ్రామాలలోను కోట్లాది గృహాలు సెప్టిక్ ట్యాంకుపైననే ఆధారపడి ఉన్నవి. పెరటిలో నేల అడుగున ఉండే ఈ తొట్టి పొంగిపొరలిన నాడు తప్ప ఎవరికీ గుర్తుకు రాదు. ఈ ఉపేక్ష వల్ల కలిగే నష్టం ఒక్క ఇంటికే పరిమితం కాదు.

1860 ప్రాంతంలో ఫ్రాన్సు దేశీయుడు లూయీ మూరాస్ ఇటువంటి తొట్టిని తొలుత నిర్మించాడు. 1895లో ఇంగ్లండులోని ఎక్సెటర్ నగరంలో డొనాల్డ్ కామెరాన్ దానిని మెరుగుపరచి, సెప్టిక్ ట్యాంకు అని పేరు పెట్టాడు. దీని సూత్రం సులభమైనది. తొట్టిలోకి వచ్చిన మురుగునీరు ఒకటి రెండు రోజులు కదలక నిలుస్తుంది. బరువైన మలినం మడ్డిగా అడుగుకు చేరుతుంది. నూనె, జిడ్డు తెట్టుగా పైకి తేలుతాయి. ప్రాణవాయువు అవసరం లేని సూక్ష్మజీవులు మడ్డిలో కొంత భాగాన్ని జీర్ణం చేస్తాయి. నడుమనున్న నీరు గొట్టం ద్వారా ఇంకుడు గుంతకు పోతుంది. ఆ నీరు శుద్ధమైనది కాదు. అందులో రోగక్రిములు ఉంటాయి. కనుకనే ఇంకుడు గుంతకు, తాగునీటి బావికి మధ్య కనీసం 18 మీటర్ల దూరం ఉండాలని నిపుణులు నిర్ణయించారు.

సూక్ష్మజీవులు మడ్డిని పూర్తిగా హరించలేవు. మిగిలినది ఏటేటా పేరుకొంటుంది. తొట్టి లోతులో మూడవ వంతు మడ్డి నిండితే నీరు నిలిచే చోటు తగ్గి, మలినం నేరుగా ఇంకుడు గుంతలోకి కొట్టుకొని పోతుంది. గుంత చుట్టూ ఉన్న మట్టి రంధ్రాలు ఒకసారి పూడుకొనిపోతే బాగుచేయడం కష్టం. అందువల్ల రెండు, మూడు సంవత్సరాలకు ఒకసారి మడ్డిని తీయించడం అవసరం. కొద్దిపాటి మడ్డిని మాత్రం విత్తనం వలె అడుగున మిగల్చాలి. అంగడిలో దొరికే పొడులు, ద్రావకాలు ఈ పనికి ప్రత్యామ్నాయం కావు.

పాత ఇండ్లలో చిక్కులు ఎక్కువ. కట్టించిన పెద్దలు గతించిన తరువాత ట్యాంకు ఎక్కడ ఉన్నదో కూడా తెలియని కుటుంబాలు ఉన్నవి. కొన్ని ఇండ్లలో మూతపై గచ్చు వేశారు, గదులు కట్టారు. మొదట చేయవలసినది ట్యాంకు స్థానాన్ని కనుగొని, ఇంటి పటంలో గుర్తించి, మడ్డి తీయించిన తేదీని రాసి ఉంచడం. బీటలు వారిన మూతపై మనుషులు నడవరాదు, వాహనాలు నిలుపరాదు. గాలి గొట్టం మూసుకొనకుండా చూడాలి. డాబాపై పడే వాననీటిని ట్యాంకులోకి మళ్ళించరాదు. ఆ వడికి మడ్డి కదలిపోతుంది. గుడ్డలు, ప్లాస్టిక్కు, వంటనూనె మురుగులో వేయరాదు. ఫినాయిలు, ఆమ్లాలు అతిగా పోస్తే మేలు చేసే సూక్ష్మజీవులు నశిస్తాయి.

అన్నింటికంటె ముఖ్యమైనది ప్రాణరక్షణ. ట్యాంకులో మీథేను, హైడ్రోజన్ సల్ఫైడు వాయువులు పుడతాయి. మొదటిది మండే స్వభావం కలది. కనుక మూత తెరచిన చోట దీపం గాని, అగ్గిపుల్ల గాని వెలిగించరాదు. రెండవది కుళ్ళిన కోడిగుడ్డు వాసన కలది. అయితే దాని పరిమాణం మించినప్పుడు ముక్కు వాసన పట్టే శక్తినే కోల్పోతుంది. వాసన లేదు గనుక అపాయం లేదని లోనికి దిగినవారు క్షణాలలో స్పృహ తప్పుతారు. వారిని రక్షింపబోయి దిగినవారు కూడా ప్రాణాలు కోల్పోయిన సంఘటనలు అనేకం.

ఇట్లా మరణించినవారిలో అత్యధికులు తరతరాలుగా అంటరానితనానికి గురైన కులాలవారే. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. రక్షణ సాధనాలు, జాగ్రత్తలు లేకుండా మనుషుల చేత ట్యాంకులను శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మొదటి నేరానికే రెండు సంవత్సరాల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇటువంటి మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుండి 30 లక్షల రూపాయలకు పెంచింది. అయితే పోయిన ప్రాణాన్ని ఏ పరిహారమూ తిరిగి తేలేదు.

మార్గాలు లేకపోలేదు. కర్ణాటకలోని దేవనహళ్ళిలో 2015లో మడ్డి శుద్ధి కేంద్రం ఏర్పడింది. వరంగల్లు నగరపాలక సంస్థ 2016లో మడ్డి సేకరణకు నిబంధనలు రూపొందించింది. మహారాష్ట్రలోని వాయి పట్టణం ఇల్లు పొంగేదాకా ఆగక, వంతులవారీగా ప్రతి ట్యాంకును యంత్రంతో ఖాళీ చేయించే పద్ధతిని 2018లో చేపట్టింది.

గృహస్థుడు చేయవలసినది స్వల్పమే. పొంగక ముందే పురపాలక సంఘానికి తెలిపి పీల్చే యంత్రమున్న ట్యాంకరును పిలిపించాలి. తీసిన మడ్డి చెరువుకో కాలువకో గాక శుద్ధి కేంద్రానికి చేరుతున్నదో లేదో విచారించాలి. కూలి తక్కువని మనిషిని దింపడానికి ఏనాడూ అంగీకరించరాదు. తన ఇంటి మలినం కోసం మరొకరి ప్రాణం బలికాకుండా చూడడం ప్రతి పౌరుని ధర్మం.